జాలి లేని సిస్టరమ్మ

అమ్మాయిలూ, ఆపరేషనైన మనిషి పక్కన రెండు రాత్రులు జాగారం చేసి వచ్చిన ఆడవాళ్లెవరైనా నాతో ముందు అనేమాట ఒకటే. "ఆ సిస్టర్లకి బొత్తిగా జాలి ఉండదక్కా!" నిన్ననే కదా పొట్ట కోసి కుట్లేశారు, తెల్లారేసరికి వచ్చి లేవండి, కూర్చోండి, నడవండి అంటారట. దాహమని అల్లాడుతుంటే గుక్కెడు నీళ్లు పోయనివ్వరట. కాస్త కునుకు పట్టిందో లేదో బీపీ చూడాలంటూ లేపేస్తారట. మెడికల్ వార్డూ సర్జికల్ వార్డూ మార్చి మార్చి చేసి రిటైరైనదాన్ని, ఈ తిట్లన్నీ నేనూ తిన్నవే. ఇవాళ మా తరఫున కూడా రెండు మాటలు వినండి.

మన ఇళ్లల్లో జబ్బుమనిషి మీద ప్రేమంటే అతన్ని కదలనివ్వకపోవడం. నువ్వు లేవకు, నేను తినిపిస్తా, నేను తుడుస్తా, కాళ్లు పడతా ఉండు... నర్సింగులో మొదటి ఏడాది నేర్పే పాఠాలు సరిగ్గా దీనికి అడ్డంగా ఉంటాయి. వర్జీనియా హెండర్సన్ అని అమెరికాలో ఒక నర్సు ఉండేది. 1897లో పుట్టి 1996 దాకా బతికింది మహాతల్లి. అంతర్జాతీయ నర్సుల మండలి కోసం 1960లో ఆవిడ ఓ చిన్న పుస్తకం రాసింది. ఆవిడ చెప్పేదేమిటంటే, సత్తువ ఉండి, చేయాలన్న మనసుండి, ఎలా చేయాలో తెలిస్తే మనిషి తన పనులు తానే చేసుకుంటాడు. ఈ మూడింటిలో ఏది లోటైతే అంతమేరకే నర్సు పూడ్చాలి, వీలైనంత తొందరగా మళ్లీ అతని పని అతనికే అప్పగించాలి. మనిషికి కావలసినవి 14 అని కూడా లెక్క రాసింది. ఊపిరి తీసుకోవడం మొదటిది. తిండి, విసర్జన, కదలిక, నిద్ర, ఒంటి శుభ్రం అన్నీ ఉన్నాయి. ఎవరి నమ్మకం ప్రకారం వాళ్లు దేవుణ్ణి కొలుచుకోవడమూ ఉంది. వార్డులో విభూతి పెట్టుకుంటానన్న ముసలాయన మీద ఎవరైనా చిరాకుపడితే నేను ఊరుకునేదాన్ని కాదు, అదీ వైద్యంలో భాగమే.

ఊపిరి సంగతి చూడండి. పొట్ట మీద కుట్లున్నవాళ్లు నొప్పికి భయపడి పైపైనే గాలి పీలుస్తారు, దగ్గొచ్చినా దిగమింగుకుంటారు. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగానికి గాలి అందక ముడుచుకుపోతుంది. కఫం అక్కడే నిలిచిపోతుంది, న్యుమోనియాకి దారి పడుతుంది. ఆపరేషన్ చక్కగా జరిగాక మనిషి ఇలా చిక్కుల్లో పడితే ఎంత ఉసూరుమంటుందో! అందుకే మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా, స్పైరోమీటర్ అంటారే, అది చేతికిస్తారు. ఇచ్చిందే తడవు అందరూ దాన్ని ఊదుతారు. ఊదకూడదమ్మా! కొబ్బరిబోండాంలో స్ట్రా వేసి తాగినట్టు నెమ్మదిగా లోపలికి పీల్చాలి, బంతులు పైకి లేచాక రెండు మూడు సెకన్లు బిగబట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు చేస్తే చాలు. దగ్గాలంటే కుట్ల మీద చిన్న దిండు పెట్టి రెండు చేతులా అదుముకుని దగ్గమనండి, నొప్పి సగానికి సగం తగ్గినట్టుంటుంది.

ఇక లేపి నడిపించడం. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లోనూ హెర్నియా ఆపరేషనైతే రెండు మూడు వారాలు పక్క దిగనిచ్చేవారు కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మంచాలకీ, మనుషులకీ కరువొచ్చి తొందరగా లేపక తప్పలేదు. తీరా చూస్తే, అలా లేచినవాళ్లే బాగా కోలుకుంటున్నారని తేలింది. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం మందగించి పిక్కల్లో గడ్డ కడుతుంది. ఆ గడ్డ విడిపోయి పైకి పాకి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణం మీదికే వస్తుంది. అందుకని ఆపరేషన్ తర్వాత ఒక పిక్క వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతోందంటే దయచేసి కాళ్లు పట్టకండి. నొప్పి తగ్గుతుందని నూనె రాసి మర్దనా మొదలుపెట్టిన కూతుళ్లని నేను చూశాను. చేయి తీసేసి, ముందు సిస్టర్‌ని పిలవాలి. మంచం మీదున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమనడం మాత్రం మంచిది. మొదటిసారి లేచేటప్పుడు ఒక్క ఉదుటున నిలబెట్టకండి. మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టాక నిలబడమనండి. లేకపోతే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

అసలు లేవలేని వాళ్లుంటారు. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు. మంచి నర్సు ఉన్న వార్డా కాదా అని తెలుసుకోవాలంటే వాళ్ల వీపు చూస్తే చాలు. నడుం కింది ఎముక, మడమలు, తుంటి పక్కలు, మోచేతులు... ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి రక్తం అందక చచ్చిపోతుంది. దాన్నే పక్కపుండు అంటాం. రెండు గంటలకోసారి పక్క మార్చమనేది అందుకే. పుస్తకాల్లో చర్మం ఎర్రబడుతుందని, వేలితో నొక్కితే తెల్లబడకపోతే ప్రమాదమని రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు ఎక్కడ తెలుస్తుంది! చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వెచ్చగానో, గట్టిగానో, మెత్తబడినట్టో, రంగు ముదిరినట్టో ఉంటే మొదలైందన్నమాటే. అక్కడ రుద్దకూడదు. మా రోజుల్లో స్పిరిట్, పౌడరు వేసి బాగా రుద్దమనేవారు. ఇప్పుడది వద్దంటున్నారు, నలిగిన చర్మం ఇంకా దెబ్బతింటుందని. పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి ఈడ్చకండి, కింది దుప్పటితో సహా ఇద్దరు పట్టుకుని ఎత్తి జరపండి. ఈ పనికి మిషన్లేమీ అక్కర్లేదు, డబ్బూ పెద్దగా ఖర్చు కాదు. అందుకేనేమో దీనికి ఎవరూ విలువివ్వరు.

ఆపరేషన్ ముందు పస్తుంచడం దగ్గర మన అమ్మమ్మలతో నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. "కాఫీయే కదమ్మా, అన్నం పెట్టలేదుగా" అంటారు. పాలు పోసిన కాఫీ మత్తు డాక్టరు లెక్కలో అన్నంతో సమానమే. మామూలుగా అన్నం, టిఫిను, పాలు అయితే 6 గంటలు, ఉత్త నీళ్లయితే 2 గంటలు ఖాళీ ఉండాలి. అంతకంటే ఎక్కువ చెబితే ఆ రోగికి అది కావాలి కాబట్టే చెబుతారు. మత్తులో గొంతుకి కాపలా ఉండదు. కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ఎంతటి డాక్టరైనా తలపట్టుకోవాల్సిందే. దొంగచాటుగా ఏదైనా పెట్టి ఉంటే థియేటర్‌లోకి తీసుకెళ్లక ముందే చెప్పేయండి, తిడితే తిట్టనీయండి.

సెలైను ఆపేశారు, బలం ఎలా వస్తుందని ఇంకో బెంగ. ఉప్పు సెలైను సీసాలో బలం సున్నా. అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఇంచుమించు రెండు ఇడ్లీలంత. నోటితో తినగలిగినవాళ్లకి ఇడ్లీయే నయం.

నిద్రలో లేపి చూసేది బీపీ ఒక్కటే అనుకోకండి. మణికట్టు పట్టుకుని గడియారం చూస్తున్న సిస్టర్ నాడి లెక్క అయిపోయాక కూడా చేయి వదలదు, గమనించారా? అప్పుడామె చూపు రోగి ఛాతీ మీద ఉంటుంది, ఊపిరి లెక్కపెడుతోంది. చెప్పి లెక్కపెడితే మనిషి ఊపిరి మార్చేస్తాడు, అందుకని చెప్పదు. పెద్దవాళ్లకి నిమిషానికి 12 నుంచి 20 ఉండాలి. అది నెమ్మదిగా 24, 26 అవుతోందంటే లోపల ఏదో ముంచుకొస్తోందని. బీపీ పడిపోవడానికి ఎంతో ముందే ఇది చాలాసార్లు బయటపడుతుంది. యూరిన్ బ్యాగూ అంతే. అరవై కిలోల మనిషికి గంటకి కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. నిండిందని మీరే తీసుకెళ్లి పారబోస్తే ఆ లెక్క పోయినట్టే. నడిపించేటప్పుడు ఆ బ్యాగు పొత్తికడుపు కంటే పైకి ఎత్తకండి, నేల మీదా పెట్టకండి.

పెద్దాయన రెండో రాత్రి ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టక, గోడ మీద ఎవరో ఉన్నారంటుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించే పని పెట్టుకోకండి. ఇన్‌ఫెక్షనో, ఉప్పు తగ్గడమో, మూత్రం బిగుసుకోవడమో, మందుల ప్రభావమో ఉండొచ్చు. వెంటనే సిస్టర్‌కి చెప్పండి. కళ్లజోడు, చెవి మిషను ఇచ్చి, దీపం వేసి, ఇది ఆసుపత్రి నాన్నా, ఇవాళ ఫలానా వారం అని మెల్లగా చెబుతుండండి.

మా వాళ్ల తప్పూ లేకపోలేదు. "లేవండి" అని కేకేస్తారే గానీ ఎందుకు లేవాలో చెప్పరు. మంచాలు నిండిపోయి నిలబడే తీరిక ఉండదు నిజమే, కానీ ఆ ఒక్క వాక్యానికి అర నిమిషం పట్టదు. వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి, అడిగితే చెప్పని సిస్టర్లు తక్కువ.

నొప్పి ఎంతుందని సున్నా నుంచి పది దాకా అంకె అడిగినప్పుడు, ఆరో ఏడో ఉన్నా "ఏం లేదమ్మా" అనకండని పెద్దవాళ్లకి నచ్చజెప్పండి. నొప్పి దాచుకుంటే దగ్గలేరు, నడవలేరు. ఇంకొకటి, పొట్ట ఆపరేషనైనవాళ్లని పొద్దున్నే రౌండ్స్‌లో "గ్యాస్ పోయిందా?" అని అడుగుతారు. కొత్త కోడలు సిగ్గుతో తల దించుకుంటుంది, మామగారు కిటికీ వైపు తిరుగుతారు. పేగులు నిద్ర లేచాయా లేదా అని చూసుకోవడమే అది. అవునని తెలిస్తే మా వార్డులో ముసలమ్మలు ఎదుటి మంచం దాకా వినపడేట్టు చాటేవారు, ఆ మంచం వాళ్లు "మా ఆయనకింకా కాలేదమ్మా" అని దిగులుపడేవారు.