చైనాను చదవబోయే పిల్లలకు

1. ముందు పార్టీని చదవండి, ప్రభుత్వాన్ని తర్వాత. విదేశాంగ మంత్రి ఏమన్నా మన పత్రికలు పతాక శీర్షిక కడతాయి. అక్కడ ఆయన పైవాళ్లు తేల్చింది అమలు చేసే మనిషి. తేల్చేది పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘం. 2012 నుంచి అందులో ఏడుగురే. 2023 జూలైలో చిన్ గాంగ్‌ను ఏడు నెలలు నిండకముందే విదేశాంగ మంత్రి పదవి నుంచి తప్పించారు. కారణం చెప్పలేదు. విధానమూ మారలేదు.

2. చెప్పనిదాన్ని కూడా చదవాలి. మావో వారసుడిగా పార్టీ నిబంధనావళికే ఎక్కిన లిన్ బియావ్ 1971 సెప్టెంబర్ 13న మంగోలియాలో విమానం కూలి చనిపోయాడు. అప్పట్లో ప్రజలకు ఆ మాటే చెప్పలేదు. కానీ అక్టోబర్ 1 కవాతు ఆగిపోయింది, పత్రికల్లో ఆయన పేరు మాయమైంది. నేటికీ ఇదే తీరు. యువత నిరుద్యోగం 2023 జూన్‌లో 21.3 శాతానికి చేరింది. ఆగస్టులో ఆ లెక్క ప్రకటించడం ఆపేశారు. మళ్లీ 2024 జనవరిలో, విద్యార్థులను మినహాయించి కొత్త లెక్క ఇచ్చారు. మధ్యలో ఖాళీగా ఉన్న నెలలను మీ పట్టికలో ఖాళీగానే ఉంచండి, అవీ ఆధారమే.

అయితే ఖాళీని ఊహతో నింపకండి. ‘ఏదో జరిగింది’ అనేంతవరకే మనకు హక్కు. 2022 సెప్టెంబర్‌లో చైనా అధినేత షీ జిన్‌పింగ్‌ను గృహ నిర్బంధంలో పెట్టారన్న పుకారు మన దేశంలోనూ ఊరూవాడా తిరిగింది. మరుసటి నెలలోనే ఆయన మూడోసారి పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. చదువుకున్నవాళ్లూ దాన్ని నమ్మడం చూసి నాకు బాధేసింది.

3. అంకెను అంకెతోనే సరిచూడండి. 2007లో లియావోనింగ్ ప్రావిన్స్ పార్టీ కార్యదర్శిగా ఉన్న లీ కెచియాంగ్, తాను స్థూల ఉత్పత్తి లెక్క కన్నా కరెంటు వాడకం, రైలు సరుకు, బ్యాంకు రుణాలు చూస్తానని అమెరికా రాయబారితో చెప్పాడు. తర్వాత ఆయనే ప్రధాని అయ్యాడు.

4. చైనీస్ నేర్చుకోండి. దీనికి అడ్డదారి లేదు.

5. గాల్వాన్ గురించి రాసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. 2020 జూన్ 15 రాత్రి అక్కడ చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది పోయారు. వాళ్లలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఉన్నాడు. తమవాళ్లు నలుగురు చనిపోయారని చైనా 2021 ఫిబ్రవరిలో గానీ ఒప్పుకోలేదు. కోపం ఉండనివ్వండి, కానీ ముందు 1993, 1996, 2005, 2013 సరిహద్దు ఒప్పందాలు తీసి వరసగా చదవండి. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996 నాటిది చెబుతుంది. తూటా పేలకుండా రాళ్లతో, ఇనుప రాడ్లతో అంతమంది ఎలా చనిపోయారన్న ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.