ఒక ఊరిపేరు, మూడు లెక్కలు

నా కొలువంతా బొగ్గుగనుల్లో, కంప్యూటర్ల దగ్గర గడిచింది. గోదావరిఖనిలో ఇప్పుడు వాడవాడలా కంప్యూటర్ చదివే పిల్లలున్నారు. వాళ్లకోసం ఈ అయిదు మాటలు.

1. ఒకే ప్రశ్న నలుగురిని అడగండి.
‘గోదావరిఖని’లో ఎన్ని అక్షరాలు? బడిపిల్లవాడు 6 అంటాడు. యూనికోడ్ తెలిసినవాడు 10 అంటాడు, గుణింతపు గుర్తులకు విడిగా కోడ్‌లుంటాయి గనక. డేటాబేస్ చూసేవాడు 30 బైట్లంటాడు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు గనక. ముగ్గురిదీ నిజమే. జీతం చీటీలో ఊరిపేరుకు 20 బైట్లే ఇస్తే ‘గోదావర’ దగ్గరే పేరు తెగుతుంది. ఎవరి లెక్క ఎక్కడ వాడాలో తెలిస్తేనే పని వచ్చినట్టు.

2. డిగ్రీ చూసి గురువును ఎంచుకోవద్దు.
భూగర్భ గనిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు ఆపాలి. ఆ అంకెను తెరమీద చూపే ప్రోగ్రాం మనం రాయగలం. కానీ సెన్సర్ ఎక్కడ వేలాడదీయాలో గనిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్‌ను అడగాలి. మీథేన్ గాలికంటే తేలిక, పైకప్పు కిందే పేరుకుంటుంది. సెన్సర్ నేలమీద పెడితే ఎంత మంచి ప్రోగ్రాం అయినా ప్రాణం కాపాడలేదు.

3. మనకు దారి వేసినవాళ్లను తెలుసుకోండి.
అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే తెలుగు ఫాంట్లిచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’నూ రాశారు. ఒకరు లిపి చూశారు, ఒకరు కీబోర్డు చూశారు, ఒకరు పాత రాతలు చూశారు. ఇవాళ మన ఫోన్‌లో తెలుగు ఇంత సులువుగా వస్తోందంటే అందులో వీళ్లందరి చెమటా ఉంది.

4. నింద కాదు, కారణం వెతకండి.
2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలుస్తోందని లోకమంతా గగ్గోలు. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్కర్ దాని పొరలు విప్పారు: హల్లు, పొల్లు, మరో హల్లు, అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు, ఆపైన అచ్చు గుర్తు. ఇలాంటి వరుసలే బెంగాలీలో, దేవనాగరిలో కూడా అదే పని చేస్తాయని చూపించారు. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. లిపి తీరూ ప్రోగ్రాం తీరూ రెండూ ఎరిగినవారికే ఆ కారణం దొరికింది.

5. వివరంగా అడగండి, దొరికింది రాసిపెట్టండి.
‘పనిచేయట్లేదు’ అంటే ఎవరూ సాయపడలేరు. ఏం చేశారో, తెరమీద ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పండి. పెద్ద నిపుణులు సైతం ఓపికగా జవాబిస్తారు. చిక్కు వీడాక దాన్ని తెలుగులో రాసి నలుగురికీ అందేలా పెట్టండి. రామగుండంలోనో భూపాలపల్లిలోనో మరొకరు అదే చిక్కులో పడినప్పుడు, వాళ్లకు నేర్పే నిపుణులు మీరే అవుతారు.