కనబడని కోట

తెనాలి రైలుకూడలి. అచ్చటినుండి ఒక దారి బాపట్ల మీదుగా చెన్నపట్టణమునకును, మరియొక దారి రేపల్లెకును పోవును. ఉదయమున తెనాలిలో బండి యెక్కిన బిడ్డ మధ్యాహ్నమునకు ముందే బాపట్లలో బంధువుల యింట నుండును. ఆ బిడ్డతో టిక్కెట్టు లేని ప్రయాణికుడొకడు దిగవచ్చును. వాని పేరు తట్టు.

తట్టు గాలిద్వారా వ్యాపించు వ్యాధి. ఒంటిపై దద్దురు కనబడుటకు నాలుగు దినములు ముందుగనే అది యితరులకు సోకును. రోగిని గుర్తించి వేరుచేయునప్పటికే వ్యాధి ఊరిలో ప్రవేశించియుండును. రక్షణ లేని సంఘములో ఒక్క రోగినుండి 12 మొదలు 18 మందికి అంటునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

ఇట్టి లెక్కలకు ఆద్యులలో ఒకడు రొనాల్డ్ రాస్. ఈయన 1897లో సికింద్రాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. దోమలన్నింటిని చంపనక్కరలేదనియు, వాని సంఖ్యను ఒక హద్దునకు దించినచో మలేరియా తనంతట తగ్గుననియు తరువాత గణితముచే చూపెను.

టీకాల లెక్కయు అట్టిదే. రోగిని కలిసిన 18 మందిలో 17 మందికి రక్షణ యున్నచో వ్యాధి ఒక్కనికే సోకును. రక్షణ అంతకు మించినచో గొలుసు తెగిపోవును. అందుచేతనే నూటికి 95 మంది పిల్లలకు రెండు మోతాదులును అందవలెనని వైద్యులు చెప్పుదురు.

అయితే సగటు మనలను మోసగింపవచ్చును. నూరుగురేసి పిల్లలు గల మూడు పేటలున్నవనుకొందము. రెండు పేటలలో అందరికిని టీకాలు పడినవి. మూడవదానిలో 70 మందికే. సగటు నూటికి 90. చూచుటకు గొప్పయే! కాని మిగిలిన ముప్పదిమందియు ఒక్కచోటనే యున్నారు. నిప్పురవ్వ అచ్చట పడినచో ఆర్పుట కష్టము.

దేశముల సంగతియు ఇంతియే. మన దేశమున సహజ పోలియో చివరిసారి 2011లో కనబడెను. అయినను పాకిస్తాను, ఆఫ్ఘనిస్తానులలో అది మిగిలియుండుటచే మనము చుక్కలు మానలేదు.

తట్టు టీకా మొదటి మోతాదును మన దేశమున తొమ్మిది నెలలు నిండిన పిదపనే వేయుదురు. అంతకు చిన్నదైన పసికందుకు పొరుగు పిల్లల టీకాలే కోట.

బాలబాలికలారా! ఇంటికి పోయి మీ తమ్ముని, చెల్లెలి టీకాకార్డు చూడుడు. పదునారు నెలలు దాటినను రెండవ మోతాదు గడి ఖాళీగా నున్నచో అమ్మకు చెప్పుడు. ఆ గడి నిండినచో పొరుగింటి ఉయ్యాలలోని బిడ్డకును రక్షణ కలుగును.