గేర్లు మార్చే ముందు వెనక హబ్బు చూడండి

రోజూ గేర్ల సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది ఇరవయ్యొక్క గేర్ల బండి. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. కొన్న రెండు మూడేళ్లకు చైను జారడం, వేసిన గేరు ఒక పట్టాన పడకపోవడం, ఎక్కుడులో బలంగా తొక్కినప్పుడు టక్కున దూకడం మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే కొత్త రకం గేర్ల మీదికి మనసు పోతుంది. ముందు ఒక్కటే చక్రం, వెనక తొమ్మిదో పదో పదకొండో ఉండే ఈ ఏర్పాటును సైకిల్ వాళ్లు ‘వన్ బై’ అంటున్నారు. చాలామంది షాపులో మెరిసే డిరైలర్ (చైనును పక్క పళ్ల చక్రం మీదికి జరిపే భాగం) చూసి ముందు దాన్ని కొనేస్తారు. ఆ తర్వాత అది తమ బండికి పనికిరాదని తెలుస్తుంది. నెల జీతంలోంచి మిగుల్చుకున్న డబ్బు అలా పోకూడదనే ఇదంతా చెబుతున్నాను.

మొదట ఒక లెక్క. ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 పళ్లు ఉన్న మామూలు బండిని తీసుకోండి. అన్నిటికంటే తేలిక గేరు 24ని 28తో భాగిస్తే 0.86. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం చుట్టు కంటే కాస్త తక్కువే తిరుగుతుంది. అన్నిటికంటే బరువు గేరు 42 బై 14, సరిగ్గా 3. ఇప్పుడు ముందు 36 పళ్ల చక్రం ఒక్కటి, వెనక 11 నుంచి 42 పళ్ల దాకా తొమ్మిది చక్రాలు పెట్టండి. 36 బై 42 కూడా 0.86 దగ్గరే ఆగుతుంది. 36 బై 11 అయితే 3.27. ఇరవయ్యొక్క గేర్లు ఇచ్చే మేరనంతా తొమ్మిదే ఇచ్చేశాయి, పైన ఇంకాస్త వేగమూ వచ్చింది. పాత బండిలో చాలా గేర్లు ఒకదాన్నొకటి పోలినవే. 42 బై 28, 24 బై 16 రెండూ 1.5 మాత్రమే. ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం కలిపితే చైను ఏటవాలుగా లాగబడి అరుగుతుంది కాబట్టి అలాంటి గేర్లు ఎలాగూ వాడకూడదు.

గేర్ల సంఖ్య తగ్గుతుందని దిగులుపడాల్సిన పని లేదన్నమాట. ముందు డిరైలర్, దాని వైరు, ఎడమ చేతి లీవరు పోతాయి. వానాకాలంలో బురద పట్టి మొరాయించేవి చాలాసార్లు అవే. ఒక చేత్తో గేరు మార్చుకుంటూ, చూపు రోడ్డు మీదే ఉంచి వెళ్లగలగడం సిటీ ట్రాఫిక్‌లో పెద్ద ఊరట. నష్టం ఒకటుంది. వెనక చక్రాల మధ్య పళ్ల తేడా ఎక్కువ కాబట్టి గేరు మార్చినప్పుడల్లా కాళ్లకు ఆ మార్పు గట్టిగానే తెలుస్తుంది. గంటల తరబడి ఒకే వేగంతో తొక్కేవాళ్లకు అది చిరాకు తెప్పిస్తుంది. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు పట్టదు.

ఇక వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు. పళ్ల చక్రాలు దానికి రెండు రకాలుగా బిగుస్తాయి. ఫ్రీవీల్ అయితే పళ్లూ, వెనక్కి తిప్పితే టిక్ టిక్‌మనే యంత్రమూ ఒకే ముద్దగా ఉండి, హబ్బు మీద మరలాగా తిరిగి బిగుస్తుంది. క్యాసెట్ అయితే ఆ టిక్ టిక్ యంత్రం హబ్బులోనే భాగం, పళ్లు మాత్రమే దాని మీదికి జారి కూర్చుంటాయి. మీది ఏదో తెలుసుకోవడానికి వెనక చక్రం ఊడదీసి, పళ్లను వెనక్కి తిప్పుతూ మధ్యలో పానా పట్టే గాళ్లను చూడండి. పళ్లతోపాటు గాళ్లూ తిరిగితే క్యాసెట్. గాళ్లు కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. చవక బండ్లలో ఎక్కువగా ఉండేది ఫ్రీవీలే.

ఫ్రీవీల్ అని తేలితే కొత్త రకం గేర్ల ఆలోచన అక్కడే ఒకసారి ఆపండి. ఎనిమిది, తొమ్మిది చక్రాల ఫ్రీవీళ్లూ దొరుకుతాయి. కానీ ఆ హబ్బులో ఇరుసుకు కుడివైపు ఆసరా లోపలెక్కడో ఉంటుంది. ఫ్రీవీల్ వెడల్పయ్యేకొద్దీ ఆసరా లేని ఇరుసు పొడవు పెరిగి, గుంతల రోడ్ల మీద వంగుతుంది, విరుగుతుంది కూడా. అందుకని ఫ్రీవీల్ బండికి నా సలహా చిన్నది: షిమానో కంపెనీ టూర్నీ వరుసలో దొరికే 14 నుంచి 34 పళ్ల ఏడు గేర్ల ఫ్రీవీల్, దానితో కొత్త చైను వేయించండి. మీ డిరైలర్ 34 పళ్ల దాకా అందుకోగలదో లేదో ముందు అడగండి. 24 బై 34 అంటే 0.71. ఎక్కుడులో ఇప్పటికంటే ఆరో వంతుకు పైగా తేలిక. ఖర్చు తక్కువ, పంక్చర్ షాపు మేస్త్రీ కూడా చేసేయగల పని. అంతకుమించి కావాలంటే క్యాసెట్ హబ్బుతో వెనక చక్రం మొత్తం కొనాలి. పాత రిమ్ముకు కొత్త హబ్బు అల్లించడం కంటే సిద్ధంగా ఉన్న చక్రమే నయం.

క్యాసెట్ ఉన్నా ఇంకొకటి చూడాలి. ఏడు గేర్ల హబ్బుల్లో కొన్నిటికి పళ్లు కూర్చునే భాగం పొట్టిగా ఉంటుంది, తొమ్మిది పట్టవు. క్యాసెట్ వెనక 4.5 మిల్లీమీటర్ల మందం రింగు కనిపిస్తే అది పొడుగు రకం, ఎనిమిది, తొమ్మిది, పది ఏవైనా పడతాయి. పన్నెండు గేర్ల జోలికి మాత్రం పోవద్దు. 2018లో షిమానో తెచ్చిన పన్నెండు గేర్ల క్యాసెట్లకు మైక్రో స్ప్లైన్ అనే వేరే హబ్బు కావాలి. పైగా చైను పలచన, ధర ఎక్కువ. రోజువారీ పనికి ఆ ఖర్చు దండగ.

ఏ కంపెనీది కొనాలి? పెద్ద క్యాసెట్టుతో, ముందు ఒకే చక్రంతో సాగే ఈ పద్ధతిని 2012లో స్రామ్ కంపెనీ తన ఖరీదైన కొండ సైకిళ్ల సెట్టుతో ముందుకు తెచ్చింది. చైను ఊడకుండా ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం ఉండే ముందు చక్రం దానితోనే పేరు తెచ్చుకుంది. ఇప్పుడదే ఆలోచన మామూలు ధరకు దిగింది. తైవాన్ కంపెనీ మైక్రోషిఫ్ట్ వారి అడ్వెంట్ వరుసలో తొమ్మిది గేర్లకు 11 నుంచి 42 పళ్లు వస్తాయి, పొడుగు రకం పాత హబ్బుకే పడతాయి. షిమానో 2023లో క్యూస్ అనే వరుస తెచ్చింది. అందులోని లింక్‌గ్లైడ్ పళ్లు లావుగా ఉంటాయి, పాత వాటికంటే మూడు రెట్లు ఎక్కువ మన్నుతాయని కంపెనీ చెబుతోంది. రోజూ తొక్కే మనిషికి తేలిక కంటే మన్నికే ముఖ్యం కాబట్టి, దొరికితే క్యూస్ తొమ్మిది గేర్ల సెట్టుకే నా ఓటు.

ఒక్క జాగ్రత్త. 1984లో షిమానో ఒక్కో క్లిక్కుకు ఒక్కో గేరు పడే లీవరు తెచ్చింది. అలాంటి లీవరు ఒక క్లిక్కుకు ఎంత వైరు లాగుతుంది, దానికి డిరైలర్ ఎంత జరుగుతుంది అన్నది అన్ని వరుసలకూ ఒకటి కాదు. క్యూస్ లీవరు షిమానో పాత వరుస అల్టస్ డిరైలర్‌తో కుదరదు. అడ్వెంట్ డిరైలర్ షిమానో లీవరు మాట వినదు. లీవరు, డిరైలర్, క్యాసెట్ ఒకే వరుసవి కొనండి, చైను ఆ వరుసకు చెప్పినదే కొనండి. ఎనిమిది గేర్ల దాకా వాడే చైను వెడల్పు 7 మిల్లీమీటర్ల పైన ఉంటే, క్యూస్ వాడే పదకొండు గేర్ల చైను ఐదున్నర దగ్గర ఉంటుంది. ‘సర్దుకుంటుంది లెండి’ అనే షాపువాడి మాట నమ్మవద్దు.

బండి వైపు చూడాల్సినవి ఇంకొన్ని. డిరైలర్ బిగించే కొక్కెం ఫ్రేముకు ఉందా, లేక పాత డిరైలర్ చిన్న రేకుతో ఇరుసుకే బిగించి ఉందా? ఇరుసుకే ఉంటే ఆ ఫ్రేము మీద ఖర్చు పెట్టకండి. కొక్కెం ఉంటే అది వంగలేదని చూపించుకోండి. ఎంత సెట్టింగ్ చేసినా గేరు నిలవకపోవడానికి తరచూ కారణం అదే. ముందు పళ్ల చక్రాలు బోల్టులతో ఉంటే మధ్యది తీసి కొత్తది పెట్టవచ్చు. రివెట్లు కొట్టి ఉంటే పెడల్ బిగిసే క్రాంకు మొత్తం మార్చాలి. బ్రేకూ గేరూ ఒకే లీవరులో కలిసి ఉంటే కొత్త బ్రేకు లీవర్లూ లెక్కలో వేసుకోండి. గేరు వైరు, దాని తొడుగు కూడా కొత్తవే వేయించండి. బ్రేకు తొడుగు గేరుకు వాడనివ్వకండి.

వీటన్నిటి మొత్తం మీ సైకిల్ కొన్న ధరలో మూడో వంతు దాటితే మానేసి, మంచి బండి కోసం దాచుకోవడం మేలని నా అభిప్రాయం. కాకినాడ, భీమవరం లాంటి చదును ఊళ్లలో పాత గేర్లకు కొత్త చైను, కొత్త వైరు వేస్తే చాలు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో, విశాఖ ఎండాడ ఎక్కుడులో రోజూ తొక్కేవాళ్లకు ఈ మార్పు నిజంగా అక్కరకొస్తుంది. ముందు 36కి బదులు 32 పళ్ల చక్రం పెడితే మోకాళ్లకు మరింత సుఖం.

డెలివరీ పనిలోలాగా సైకిలే మీ బతుకుబండి అయితే, సామానంతా చేతికొచ్చేదాకా పాతది విప్పించకండి. ఒక్క నట్టు తక్కువైనా మర్నాటి కూలి పోతుంది. సెలవు రోజు పొద్దున్నే పని మొదలుపెట్టించి, సాయంత్రానికి మీ దారిలోని ఎక్కుడు మీద ఒకసారి తొక్కి చూడండి. కొత్త వైరు కొన్ని రోజులకు వదులవుతుంది, రెండోసారి సెట్టింగ్ ఉచితంగా చేయాలని ముందే మాట తీసుకోండి.

అయిన తర్వాత నెలకోసారి స్కేలుతో చైను కొలవండి. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చేయండి. ఎనిమిదో వంతు దాకా ఆగితే చైనుతోపాటు క్యాసెట్టూ కొనాల్సి వస్తుంది.