మనసుకు వైద్యుణ్ణి వెతుక్కోవడం ఎలా?

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి

మిరప ఆకు ముడుచుకుపోతే మా ఊళ్ళో రైతు రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. తొందరపడేవాడు పురుగుమందుల కొట్టుకు పోయి, "ఆకు ముడత వచ్చింది, ఏదన్నా ఇవ్వు" అంటాడు. కొట్టువాడు ఏ డబ్బా అమ్ముడు పోవాలో అదే ఇస్తాడు. నిదానస్తుడు ఒక కొమ్మ తుంచుకుని వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్తాడు. ఆయన ఆకు తిరగేసి చూస్తాడు. తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది. నల్లి పడితే కిందికి ముడుచుకుంటుంది. ఒకదానికి కొట్టే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు.

మిత్రులారా! మన మనసు ముడుచుకుపోయినప్పుడు మనలో చాలామందిమి మొదటి రైతులాగే చేస్తాం, లేదా అసలేమీ చెయ్యం. నేను రెండూ చేశాను. ఆ అనుభవంతోనూ, తరువాత చదివి తెలుసుకున్న దానితోనూ, మనకు దగ్గరలో సరైన మానసిక చికిత్సకుణ్ణి ఎలా వెతుక్కోవాలో వ్రాయాలని ఈ ప్రయత్నం. నేను వైద్య విద్యార్థిని కాను. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

నా సంగతి

మాది మూడెకరాల సొంత చేను, రెండెకరాల కౌలు. 2025 తొలి నెలల్లో మిర్చి ధర పడిపోయింది. నాన్న టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఇంటికి వచ్చాడు. సరిగ్గా ఆ వారమే నేను హాస్టలు బిల్లుకు డబ్బు అడిగాను. మాటా మాటా పెరిగింది. "ఆ చేను అమ్మిపారేస్తే పీడా పోతుంది గదా!" అన్నాను. నాన్న ఫోను పెట్టేశాడు. తరువాత నాలుగు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు, నేనూ ఆయనతో మాట్లాడలేదు. మధ్యలో అమ్మ ఒక్కతే అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది.

మొదట నిద్ర పోయింది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ కన్ను మూతపడేది కాదు. మెస్సులో అన్నం సయించేది కాదు. రికార్డు వ్రాయడం మానేశాను. ప్రాక్టికల్సులో టైట్రేషన్ చేస్తూ రంగు మారి ఎప్పుడు దాటిపోయిందో గమనించేవాణ్ణి కాను. సెలవులకు ఇంటికి వెళ్తే అమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. నీరసమని చెప్పి గ్లూకోజు బాటిలు ఎక్కించాడు. పట్నంలో 'కౌన్సెలింగ్' అని బోర్డు పెట్టుకున్న ఒకాయన పది సిటింగులకు డబ్బు ముందే కట్టమన్నాడు. నేను నోరు విప్పకముందే "ప్రేమ వ్యవహారమా?" అని నవ్వాడు. లేచి వచ్చేశాను.

అమ్మ కట్టిన తాయెత్తు ఇప్పటికీ నా చేతికే ఉంది. దానివల్ల నష్టమేమీ లేదు. నష్టమంతా నాలుగు నెలలు ఊరకే గడిచిపోవడం వల్ల జరిగింది.

చివరికి నా రూమ్మేటు ఒక రాత్రి 14416 నంబరుకు ఫోను చేసి, "నువ్వు చెప్పకపోతే నేను చెప్తా, మాట్లాడరా" అని నా చేతిలో పెట్టాడు. అవతల తెలుగులోనే మాట్లాడారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, వెళ్ళమన్నారు. మా హాస్టలు నుంచి అది సిటీబస్సులో అరగంట దారి. రెండేళ్ళుగా ఆ గేటు ముందు నుంచే పోతున్నాను!

ఇది నా ఒక్కడి బాధేనా?

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. మన తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. అయినా అది చెప్పింది మనకూ పాఠమే. పెద్దవారిలో 10.6 శాతం మంది సర్వే నాటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. వారిలో రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. ఆ అంకెలో ఒక్కొక్కరూ ఏదో ఒక హాస్టలు గదిలో ఎవరో ఒకరి రూమ్మేటు.

ఎవరు ఏ పని చేస్తారు?

మనవాళ్ళు అందరినీ కలిపి 'పిచ్చి డాక్టరు' అనేస్తారు. మర్యాద కోసం 'నరాల డాక్టరు' అంటారు. తేడాలు తెలుసుకోవాలి.

1. మానసిక వైద్యుడు, అనగా సైకియాట్రిస్టు: ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎం.డి., డి.ఎన్.బి. లేక డి.పి.ఎం. చేసిన డాక్టరు. రోగ నిర్ణయం చేసి మందులు వ్రాస్తారు. రాష్ట్ర వైద్య మండలిలో రిజిస్ట్రేషను ఉంటుంది.

2. క్లినికల్ సైకాలజిస్టు: మాటల ద్వారా చికిత్స చేస్తారు, మానసిక పరీక్షలు జరుపుతారు. మందులు వ్రాయరు. వీరికి భారత పునరావాస మండలి, అనగా ఆర్.సి.ఐ. రిజిస్టరులో నంబరు ఉంటుంది.

3. సైకియాట్రిక్ సోషల్ వర్కరు: కుటుంబాన్ని, ఇంటి పరిస్థితులను కూడా కలుపుకొని పనిచేస్తారు.

4. కౌన్సెలరు: ఇక్కడే జాగ్రత్త అవసరం. ఈ పేరు పెట్టుకున్నవారిలో ఎం.ఏ. సైకాలజీ చదివి చక్కటి శిక్షణ పొందినవారూ ఉన్నారు, కొద్దిరోజుల కోర్సుతో బోర్డు కట్టినవారూ ఉన్నారు. చదువు ఏమిటని అడగడం తప్పు కాదు.

నరాల డాక్టరు, అనగా న్యూరాలజిస్టు, వేరు. ఆయన పక్షవాతం, మూర్ఛ వంటి జబ్బులు చూస్తారు.

ఎక్కడ వెతకాలి?

అన్నిటికంటె దగ్గరిది ఫోను. 14416 అన్నది కేంద్ర ప్రభుత్వ 'టెలి మానస్' నంబరు. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు ప్రారంభమైంది. రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు. దగ్గరలో ఎక్కడికి వెళ్ళాలో కూడా వారే చెప్తారు.

రెండవది ప్రభుత్వ ఆసుపత్రి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. దానికి నమూనా మన అనంతపురానికి పక్కనే ఉన్న బళ్ళారి జిల్లాలో నడిపిన పథకం. మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఓ.పి. చీటీ వ్రాయించుకుని వెళ్ళడమే. ఎర్రగడ్డ, విశాఖ వంటి పెద్ద ఆసుపత్రులకే పోవాలని లేదు. నెలనెలా వెళ్ళిరాగలిగినదే మంచి చోటు. ఎంత గొప్ప డాక్టరయినా మళ్ళీ వెళ్ళలేనంత దూరంలో ఉంటే మనకేం లాభం?

మూడవది, మనకు నమ్మకమున్న మామూలు డాక్టరు. ఆయన ఎవరి దగ్గరకు పంపుతారో అడగాలి.

వెళ్ళినప్పుడు అడగవలసినవి

మీ చదువు ఏమిటి, రిజిస్ట్రేషను ఉందా? ఒక్కసారికి ఫీజు ఎంత? ఎన్నాళ్ళకొకసారి రావాలి? నేను చెప్పింది ఎవరికైనా చెప్తారా? ఈ నాలుగూ సిగ్గుపడకుండా అడగండి. చివరి ప్రశ్నకు చట్టమే జవాబు చెప్తున్నది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, సెక్షను 23 ప్రకారం మన చికిత్స సంగతులు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. రేపు పెళ్ళిసంబంధాలకు అడ్డొస్తుందేమోనని భయపడే మిత్రులు ఇది గుర్తుంచుకోవాలి.

వారం రోజుల్లో నయం చేస్తానని హామీ ఇచ్చేవారిని, చీటీ లేకుండా పేరులేని పొట్లాలు ఇచ్చేవారిని, ఇతరుల కథలు మనకు చెప్పేవారిని, "వాణ్ణి వదిలెయ్, ఈమెను చేసుకో" అని మన బదులు తామే నిర్ణయించేవారిని నమ్మవద్దు. అన్ని అర్హతలున్నా మనకు కుదరకపోవచ్చు. రెండుమూడు సార్లు చూసి, మరొకరి దగ్గరకు మారవచ్చు.

వెళ్ళేటప్పుడు కొమ్మ తుంచుకుపోయే రైతులాగా వెళ్ళాలి. నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎట్లా ఉంది, ఎప్పటినుంచి ఈ బాధ, ఏ మందులు వాడుతున్నాం, ఇవన్నీ ఒక కాగితం మీద వ్రాసుకుని పోతే డాక్టరుగారికి చాలా మేలు.

లోపల ఏం జరుగుతుంది?

నాకు మొదట వ్రాసింది రక్తపరీక్ష. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా ఇట్లాంటి నీరసం, దిగులు రావచ్చునట. నావి బాగానే ఉన్నాయి. తరువాత మందు వ్రాశారు. నాడీకణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోనికి తీసుకోకుండా ఆపే రకం మందు అది. అంతమాత్రాన కుంగుబాటు అంటే సెరటోనిన్ తగ్గడమేనని తేల్చెయ్యకూడదు. అది అంత తేలికైన లెక్క కాదని నేటి శాస్త్రం చెప్తున్నది. ఈ మందు గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పొద్దున యూరియా చల్లి సాయంత్రానికి చేను పచ్చబడలేదని కూర్చుంటే ఎట్లా? బాగుందని హఠాత్తుగా మానకూడదు. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. నిద్రమాత్రలు కొన్ని అలవాటుగా మారతాయి కాబట్టి వాటిని సొంతంగా కొనకూడదు.

మందుతోపాటు క్లినికల్ సైకాలజిస్టు మేడం ఒక నోటుబుక్కు పెట్టించారు. అమెరికాలో ఆరన్ బెక్ అనే వైద్యుడు 1960లలో రూపొందించిన పద్ధతి ఇది. జరిగింది ఒక గడిలో, దానికి నా మనసు చెప్పిన అర్థం రెండో గడిలో, నేను చేసింది మూడో గడిలో వ్రాయాలి. "నాన్న ఫోను చెయ్యలేదు. నేనంటే అసహ్యం. నేనూ చెయ్యను." ఇది నా మొదటి పేజీ. దాని కింద మేడం, "రెండో గడికి ఋజువేమిటి?" అని వ్రాశారు. లాబొరేటరీలో ఋజువు లేకుండా ఒక్క ముక్క ఒప్పుకోని నేను, నా ఇంటి సంగతిలో ఏ ఋజువూ లేకుండానే తీర్పు చెప్పేశాను!

ఇద్దరి మధ్య సమస్య అయితే

మూడోసారి నాన్నను రమ్మన్నారు. నేను చెప్పలేక అమ్మతో చెప్పించాను. మొదటి బస్సుకే వచ్చాడు, భుజాన తువ్వాలుతో. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "చేను అమ్మమన్నాడని కోపం కాదమ్మా. వీడి చదువుకు అమ్మాల్సొస్తుందేమోనని నెల రోజులుగా నేనే కుమిలిపోతున్నా. అదే మాట వీడి నోటెంట వచ్చింది. ఇక ఏం మాట్లాడేది?" అన్నాడు. నా రెండో గడి ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

మేడం ఎవరిది తప్పో తేల్చలేదు. ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఫోనులో మాట్లాడుకోండి, అందులో అప్పు మాట, మార్కుల మాట ఎత్తవద్దు అన్నారు. మొదటి ఆదివారం మూడు నిమిషాలకే మాటలు అయిపోయాయి. ఇప్పుడు పది నిమిషాలు చాలడం లేదు.

స్నేహంలో, ప్రేమలో, దాంపత్యంలో తగువులకూ ఇదే వరస. వీలయితే ఇద్దరూ వెళ్ళాలి. ఒకరు రానంటే రెండవవారు ఒక్కరే వెళ్ళినా ఉపయోగమే. చికిత్సకుడు న్యాయమూర్తి కాదు. అయితే కొట్టడం, బెదిరించడం ఉన్నచోట సర్దుబాటు మాటలు తరువాత, ముందు రక్షణ. ఆడవారికి 181 నంబరు, సఖి కేంద్రాలు, 2005 నాటి గృహహింస చట్టం ఉన్నాయి.

ప్రమాదం ముంచుకొస్తే

చనిపోవాలన్న మాట స్నేహితుడి నోట వస్తే తేలికగా తీసుకోవద్దు. ఒంటరిగా వదలవద్దు. 14416కు, అవసరమైతే 108కి ఫోను చేసి, దగ్గరుండి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రయత్నించి బతికినవారు కేసు పెడతారని దాచిపెట్టనక్కరలేదు. పైన చెప్పిన చట్టం 115వ సెక్షను వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించమంటుంది, శిక్షించమనదు. నాలాంటి రైతుబిడ్డలకు ఒక మాట: ఇంట్లో పురుగుమందు డబ్బాలను తాళంలో పెట్టించండి. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. ఆ గడియ దాటిస్తే మనిషి దక్కుతాడు.

చివరి మనవి

విశాఖపట్నంలో కోచింగుకు వచ్చి మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో తగిన శిక్షణ పొందిన కౌన్సెలరు, సైకాలజిస్టు లేక సోషల్ వర్కరు ఒక్కరైనా ఉండాలన్నది. మన విద్యార్థి సంఘం ఈ విషయాన్ని ప్రిన్సిపాలుగారి దృష్టికి తీసుకుపోవాలని కోరుతున్నాను. పూర్వ విద్యార్థులలో మానసిక వైద్యులు, సైకాలజిస్టులు ఉంటే నెలకొక శనివారం మనకోసం కేటాయించాలని ప్రార్థన. అధ్యాపకులు హాజరు తగ్గిన విద్యార్థిని కోప్పడే ముందు "నిద్ర పడుతున్నదా?" అని ఒక్కమాట అడిగితే చాలు.

అంతవరకూ హాస్టలు నోటీసు బోర్డు మీద 14416 అని పెద్ద అక్షరాలతో వ్రాసే పని నేనూ, నా రూమ్మేటూ చేస్తాం. రంగు డబ్బా కొన్నాం.