తుమ్మలపల్లె మట్టి లెక్క

కడప జిల్లాలో పులివెందులకు చేరువనున్న తుమ్మలపల్లెలో భూగర్భమునుండి యురేనియపు రాయిని త్రవ్వి తీయుదురు. 2012లో అచట శుద్ధి కర్మాగారము పనిచేయ నారంభించెను. దినమునకు 3,000 టన్నుల రాయిని పిండిచేయునట్లు దానిని నిర్మించిరి. ఆ రాతిలో టన్నుకు అరకిలో యురేనియమైన నుండదు! కనుక వచ్చినదంతయు ఇంచుమించు మిగులుమట్టియే. ఏటా 300 దినములు నిండుగా పనిచేసినచో 9 లక్షల టన్నులు పోగుపడును. దీనిని కొట్టాల గ్రామము చెంతనున్న చెరువువంటి గుంటలో నిలువచేయుదురు.

బరువు లెక్క సులభమే. కాలపు లెక్కయే కఠినము. యురేనియమును తీసికొన్నను, దానినుండి పుట్టిన థోరియము-230, రేడియము ఆ మట్టిలోనే నిలుచును. రేడియము సగమగుటకు 1,600 ఏండ్లు పట్టును. తాళ్లపాకలో అన్నమాచార్యుడు జన్మించి 600 ఏండ్లే దాటినవి. పోనీ, 1,600 ఏండ్లకైనను గుంటలోని రేడియము సగమగునా? కాదు. ఆ థోరియము క్షీణించుచు క్రొత్త రేడియమును పుట్టించుచునే యుండును. అది సగమగుటకు సుమారు 75,000 ఏండ్లు కావలెను. రేడియము నొక్కదానినే లెక్కించువాడు చెలమలోని నీటిని కొలిచి ఊటను మఱచినవాడే.

2018 ప్రాంతమున కొట్టాల రైతులు తమ బోరుబావుల నీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతిన్నవనియు మొఱపెట్టిరి. వానలు అరుదైన ఆ సీమలో బోరుబావియే పైరుకు ప్రాణము. కావున గుంటలోని మట్టితోపాటు చుట్టుపట్ల బావుల నీటిని గూడ ఏటేట పరీక్షించి, ఆ అంకెలను వ్రాసి యుంచవలెను. వానితో పోల్చిననే రాబోవు మార్పును ముందుగా గుర్తింప వీలగును.