కొత్త క్రెడిట్ కార్డు ఇంటికి ఎలా వస్తుంది? గోదావరిఖనిలో మా బాపు కార్డు నేర్పిన పాఠం

ఫోన్ సేల్ వచ్చిందంటే మనం ముందు ప్రాసెసర్, కెమెరా చూస్తాం. ఆ తర్వాత మన కన్ను పడేది "ఈ బ్యాంకు కార్డుతో 10 శాతం డిస్కౌంట్" అనే లైను మీద. పోయిన దసరా సేల్‌కు ఆ లైను చూసే నేను మా బాపుతో క్రెడిట్ కార్డుకు అప్లై చేయించాను. బాపు సింగరేణిలో బొగ్గుబాయి కార్మికుడు. జీతం ఖాతా ఉంది కాబట్టి అప్రూవల్ తొందరగానే వచ్చింది. కార్డు మాత్రం గోదావరిఖని దాకా వచ్చి వాపస్ పోయింది. ఆ వెంటనే ఒక మోసగాడి ఫోన్ కూడా వచ్చింది. అసలు కార్డు ప్రయాణం ఎలా ఉంటుందో, ఎక్కడ తేడా కొడుతుందో అప్పుడు తెలుసుకున్నాను. మీరూ తెలుసుకోండి.

కార్డు ఎక్కడ తయారవుతుంది?

మన దగ్గరి బ్రాంచిలో కార్డు తయారు కాదు. అప్రూవల్ కాగానే మన వివరాలు ఎన్‌క్రిప్ట్ అయి, కార్డులు ముద్రించే ప్రత్యేక కేంద్రానికి వెళ్తాయి. అక్కడ ఖాళీ కార్డు మీద పేరు, నంబరు పడతాయి, చిప్‌లోకి రహస్య కీలు ఎక్కుతాయి. కార్డు సైజు ప్రపంచమంతా ఒకటే: 85.60 మిల్లీమీటర్ల పొడవు, 53.98 వెడల్పు, 0.76 మందం. తర్వాత దాన్ని ఒక కాగితానికి జిగురుతో అంటించి, కవర్లో పెట్టి, ట్రాకింగ్ నంబరు వేసి పంపుతారు.

ఒకప్పుడు కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో వచ్చేవి. ఇప్పుడు చాలా బ్యాంకుల్లో పిన్ మనమే యాప్‌లో పెట్టుకోవాలి. అంటే దారిలో కవర్ ఎవరికైనా దొరికినా అందులో పిన్ ఉండదు.

ట్రాకింగ్ నంబరు చదవడం

కార్డు ప్రైవేటు కొరియర్‌లో రావచ్చు, స్పీడ్ పోస్టులో రావచ్చు. స్పీడ్ పోస్టు నంబరులో మొత్తం 13 క్యారెక్టర్లు ఉంటాయి: ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత 9 అంకెలు, చివర ఐ, ఎన్. ఆ 9 అంకెల్లో చివరిది చెక్ డిజిట్. టైపింగ్‌లో తప్పు పోతే సిస్టమ్ దాంతోనే పట్టుకుంటుంది. క్రెడిట్ కార్డు నంబరులో చివరి అంకె చేసే పనీ అదే. ఈ నంబరు బ్యాంకు ఎస్ఎంఎస్‌లో గానీ, యాప్‌లో గానీ ఉంటుంది. దాన్ని పోస్టల్ శాఖ లేదా కొరియర్ అసలు వెబ్‌సైట్‌లో మనమే టైప్ చేసి చూడాలి. ఎవరో పంపిన లింకు నొక్కి చూడొద్దు.

మా కార్డు ఎందుకు వాపస్ పోయింది?

మొదటి కారణం అడ్రస్. 2016 అక్టోబర్ 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడింది. అంతకుముందు మేము కరీంనగర్ జిల్లా. బాపు ఆధార్‌లో ఇంకా పాత జిల్లానే ఉంది, క్వార్టర్ నంబరూ పాతదే. సింగరేణిలో క్వార్టర్ మారడం మామూలే, రిటైరైతే ఖాళీ చేయాలి కూడా. కాగితాల్లో మాత్రం పాత నంబరే మిగిలిపోతుంది. దీనికి తోడు మా దగ్గర కాలనీల పేర్లు చూడండి: 8 ఇంక్లైన్ కాలనీని ఒకరు "ఎయిట్ ఇంక్లైన్" అని రాస్తారు, ఇంకొకరు "యైటింక్లైన్" అని రాస్తారు. పాత పోస్ట్‌మ్యాన్‌కు మనిషి పేరు చాలు. కొత్త కొరియర్ పిల్లగాడికి మాత్రం పిన్ కోడ్, క్వార్టర్ నంబరు, ఒక గుర్తు కావాలి. గోదావరిఖని 505209, రామగుండం 505208. ఒక్క అంకె తేడాతో కవర్ వేరే పోస్టాఫీసుకు పోతుంది.

రెండో కారణం ఫోన్. భూగర్భ గనిలో మీథేన్ ఉంటుంది, నిప్పురవ్వ పుడితే ప్రమాదం. అందుకే మామూలు ఫోన్ బాయిలోకి తీసుకుపోనివ్వరు. కొరియర్ అబ్బాయి మూడు రోజులు ఫోన్ చేశాడు, మూడు రోజులూ బాపు మొదటి షిఫ్టులో భూమి కింద ఉన్నాడు. నాలుగో రోజు ట్రాకింగ్‌లో "రిటర్న్" అని పడింది.

ఆ ఫోన్ కాల్

ఆ సాయంత్రం బాపు ఇంటికి రాగానే అన్నాడు: "బిడ్డా, ఎవలో ఫోన్ చేసిండు. కార్డు వాపస్ పోయిందట. వాట్సాప్‌ల ఏదో పంపిండు, దాన్ని ఎక్కించుకొని 10 రూపాయలు కడితే రేపే తెచ్చిస్తడట."

ఫోన్ తీసుకొని చూశాను. అది ఏపీకే ఫైల్. బాపు ఇన్‌స్టాల్ దాకా వచ్చి ఆగాడు. స్క్రీన్ మీద హెచ్చరిక ఇంగ్లిష్‌లో ఉంది, అర్థం కాక నాకోసం ఆగాడు, అంతే. అలాంటి యాప్ ఎస్ఎంఎస్ పర్మిషన్ అడుగుతుంది. ఇస్తే బ్యాంకు పంపే ప్రతి ఓటీపీ అవతలివాడికి పోతుంది. ఇలాంటి మెసేజ్‌లు వేల మందికి పోతుంటాయి. నిజంగానే పార్శిల్ కోసం చూస్తున్నవాళ్లు నమ్ముతారు. ఆ రోజు మేమూ చూస్తున్నాం కదా!

ఇక్కడ అసలు విషయం గమనించండి. ఆర్‌బీఐ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్త కార్డు మన దేశంలోని ఏటీఎంలు, స్వైప్ మెషిన్లలో మాత్రమే పనిచేసేలా వస్తుంది. ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ చెల్లింపులు మనమే ఆన్ చేయాలి. కాబట్టి కవర్ పోతే ఒక బ్లాక్, ఒక కొత్త కార్డుతో సరిపోవచ్చు. ఓటీపీ పోతే మాత్రం ఆ తాళాలన్నీ తీసిచ్చినట్టే. కార్డు ప్రయాణంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది కవర్‌కు కాదు, ఫోన్‌కు.

మరి ఏం చేయాలి?

1. అప్లై చేసేముందు బ్యాంకు రికార్డులో అడ్రస్, పిన్ కోడ్ సరిచూడండి. గుడి, వాటర్ ట్యాంకు లాంటి గుర్తు ఒకటి రాయండి.

2. డెలివరీ కోడ్ వేరు, బ్యాంకు ఓటీపీ వేరు. మెసేజ్ మొత్తం చదవండి. డబ్బు మొత్తం, ట్రాన్సాక్షన్, యాక్టివేషన్ అని ఉంటే ఎవరికీ చెప్పొద్దు. డెలివరీ కోడ్ కూడా మనిషి ఎదురుగా ఉన్నప్పుడే చెప్పండి.

3. కవర్ చిరిగినా, మళ్లీ అంటించినట్టున్నా తీసుకోకుండా బ్యాంకుకు చెప్పండి.

4. కార్డు ఫొటో స్టేటస్‌లో పెట్టొద్దు.

5. కార్డు వద్దనుకుంటే యాక్టివేట్ చేయకండి. 2022 ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం 30 రోజులు దాటినా యాక్టివేట్ కాని కార్డుకు బ్యాంకు ఓటీపీతో మీ సమ్మతి అడగాలి. మీరు ఇవ్వకపోతే ఏ చార్జీ లేకుండా 7 పనిదినాల్లో ఖాతా మూసేయాలి.

6. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.

మేము బ్యాంకు యాప్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడ్రస్ మార్పించాం. కార్డు మళ్లీ బయల్దేరిందని తెలిశాక, బాపు ఆ వారమంతా ఫోన్ ఇంట్లోనే పెట్టి డ్యూటీకి పోయాడు. కొరియర్ అబ్బాయి వస్తే అమ్మ కవర్ అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు కోడ్ చెప్పింది. అప్పటికి సేల్ అయిపోయింది, నా ఫోన్ కొనడం కాలేదు. కానీ బాపు జీతం ఖాతా భద్రంగా ఉంది. ఈసారి మీ ఇంట్లో పెద్దవాళ్ల పేరు మీద కార్డుకు అప్లై చేస్తే, డిస్కౌంట్ గురించి చెప్పేముందు ఓటీపీ గురించి చెప్పండి.